పద్నాలుగో గడి

తొమ్మిది సెకన్లు. రికార్డింగు వెనక్కి జరిపి మళ్ళీ చూశాను, తొమ్మిదే. "ఇప్పుడే చెప్పమంటారా నాయ్, కాసేపు ఆగమంటారా?" అని మా నర్సింగు విద్యార్థి రియోలిన్ అడుగుతుంది, పెద్దావిడని నాయ్ అంటే మా భాషలో అమ్మా అన్నట్టే. అక్కణ్ణుంచి రోగి వేషం కట్టిన మా అమ్మ పెదవి విప్పదు. ఆ పిల్ల వైపు ఎక్కడో కోడి కూస్తుంది, మా వైపు ఫ్యాను కిర్రుమంటుంది, తొమ్మిది సెకన్ల తరవాత రియోలిన్ గొంతు తగ్గించి "సరే నాయ్, చెప్తాను" అంటుంది. ఈ మధ్యలో ఏం జరిగిందో నేను తేల్చాలి. నాలుగింటికల్లా మార్కులు పంపాలి, ఇప్పుడు మూడూ పది. బయట వాన మొదలైంది, కరెంటు పోతే మిగిలేది బ్యాటరీలో ఉన్నంత సేపే, అయినా నేను చేయాల్సింది మాత్రం ఎంత, ఒక్క గడిలో ఒక్క టిక్కు. ఇరవై రెండు గడుల్లో ఇరవై ఒకటి చకచకా నింపేశాను, ఈ పద్నాలుగోదే నన్ను కట్టి కూర్చోబెట్టింది. "చేదు వార్త చెప్పేముందు, వినడానికి రోగి నోటిమాటతో ఒప్పుకున్నారా?" అవును, కాదు. కాదు అని నొక్కితే మిగతావి ఎంత బాగా చేసినా ఒకటే, పిల్ల తప్పినట్టే. రియోలిన్‌కి ఇది మూడో అవకాశం, నాలుగోది లేదు. తప్పితే ఈ ఏడాది వార్డు మెట్లు ఎక్కనివ్వరు, తన జట్టు పిల్లలంతా తెల్ల బట్టలు వేసుకుని ముందుకి పోతుంటే తను మళ్ళీ మొదటినుంచి కూర్చోవాలి.

సూది గుచ్చడం నేర్పడానికి మా కాలేజీలో రబ్బరు చెయ్యి ఉంది, నాడి చూడటానికి బొమ్మ ఉంది. మాట్లాడటం నేర్పాలంటే రబ్బరు మనిషి పనికిరాదు కదా, అందుకని తెర మీద ఒక ఉత్తుత్తి రోగి, ఎదురుగా విద్యార్థి, ఒక మూల నేను. కెమెరా ఆపేసుకుని, మైకు ఆపేసుకుని, పేరు మాత్రం కనిపించే నల్లటి చదరంలా ఉంటాను. నేనున్నానని పిల్లలు మరిచిపోవాలి, అదే నా ఉద్యోగం. రియోలిన్ ఎదురుగా కనిపించే గిమరాస్ దీవి పిల్ల, పడవలో పావుగంట, కానీ అక్కడి సిగ్నల్ మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడే వస్తుంది. మొదటిసారి పరీక్షలో సగంలో సిగ్నల్ పోయింది. రెండోసారి భయంతో, రోగి వింటానందా లేదా అని చూడకుండా గడగడా మొత్తం వార్త అప్పజెప్పేసింది. తరవాత నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అడిగాక ఆగు, ఎంతసేపైనా ఆగు, నీ నోరు నువ్వే మూసుకో అని అప్పుడు నేనే చెప్పాను. ఇవాళ ఆగింది. మిగతా పిల్లలు రెండు సెకన్లు ఆగలేరు, నిశ్శబ్దం కనబడితే చాలు ఏదో ఒకటి వేసి పూడ్చేస్తారు. ఈ పిల్ల తొమ్మిది ఆగింది, ఆగి, ఏదో చూసింది, చూసి, ముందుకి పోయింది.

ఏం చూసిందో నాకు తెలియకపోతే కదా. ఇందులో చిక్కు ఏమీ లేదు, నాలుగో సెకనులో మా అమ్మ కనుబొమలు లేచి దిగాయి. మా ఇలోయిలో ఊళ్ళో అవును అనడానికి నోరు అరగదీసుకోనక్కర్లేదు. మార్కెట్టుకి పోతుందా అని అడిగితే జీప్నీ బండి డ్రైవరు కనుబొమలు లేపుతాడు, ఎక్కేస్తాం. తిన్నావా అంటే పిల్లలు లేపుతారు. చేప తాజాదేనా అంటే అమ్మేవాడు లేపుతాడు, అది అబద్ధమైనా సరే. కొంచెం లేపితే అవును, ఇంకొంచెం లేపితే అవునని నిన్ననే చెప్పానుగా, లేపి అలాగే ఉంచితే నువ్వు ఇంకా వెళ్ళలేదా అని. మా ఆయన సినిమా హాల్లో కూర్చుని పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే నేనూ నోరు విప్పలేదు, ఆ చీకట్లో నా నుదురు కనబడక ఇంకో నెల బెంగతో తిరిగాడు పాపం, ఓడ ఉద్యోగానికి బయల్దేరిన ప్రతిసారీ ఇప్పటికీ దెప్పుతాడు. చిన్నప్పుడు మాకిది ఎవరు నేర్పుతారో ఎంత ఆలోచించినా గుర్తురాదు. మాటలు నేర్పడం గుర్తుంది, దండం పెట్టించడం గుర్తుంది, కనుబొమలు ఎవరు నేర్పారు? పుడుతూనే తెచ్చుకుంటామా? నలభై నాలుగేళ్ళొచ్చి ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

అసలు ఆ గడిలో నోటిమాట అనే మాట పెట్టించింది నేనే. మార్కుల కాగితం తయారు చేసినవాళ్ళు రోగి ఒప్పుకున్నారా అని రాసి ఊరుకున్నారు, సమావేశంలో నేనే పట్టుబట్టాను, అందరూ విసుక్కున్నా వినలేదు. దానికి కారణం లీలమ్మ సిస్టర్. గల్ఫ్‌లో నా మొదటి ఉద్యోగంలో వార్డు పెద్ద ఆవిడే, దక్షిణ భారతదేశం మనిషి. ఏడో మంచానికి మందు ఇచ్చావా అని అడిగేది, నేను కనుబొమలు లేపేదాన్ని. ఇచ్చావా లేదా అని మళ్ళీ అడిగేది, నేను మళ్ళీ లేపేదాన్ని. మూడోసారికి ఆవిడ ముఖం ఎర్రబడేది. వాళ్ళ దేశంలో అలా కనుబొమలెగరేస్తే ఏంటి, ఏం చేస్తావేంటి అని అర్థమట, కొత్తగా వచ్చిన పిల్ల రోజూ తన ముఖం మీద సవాలు విసురుతోందనుకుంది ఆవిడ. పొగరుబోతు అని పై వాళ్ళకి కాగితం రాసేసింది. నా సంగతీ అంతే. శుక్రవారం సెలవు కావాలి సిస్టర్ అని అడిగితే ఆవిడ తల అటూ ఇటూ ఊపేది, అది ఇచ్చినట్టో ఇవ్వనట్టో నాకు ఆరు నెలలు తెలియలేదు, సెలవనుకుని ఇంట్లో ఉండి ఒకసారి, కాదనుకుని పనిలోకి వచ్చి ఒకసారి, రెండు రకాలుగానూ తిట్లు తిన్నాను. చివరికి ఒకరోజు టీ తాగుతూ ఇద్దరం విషయం కనిపెట్టి కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. నువ్వు నుదుటితో మాట్లాడతావు, నేను మెడతో మాట్లాడతాను, రోగులు పాపం చెవులతో వింటారు, అంది. ఆ మాట నెత్తిన పెట్టుకునే ఊరికొచ్చాను. మా పిల్లలు రేపు ఏ దేశానికి పోతారో, నోటితో అడగాలి, నోటితో చెప్పించుకోవాలి. నా గొంతు చించుకుని తెచ్చిన నియమం ఇది, ఇప్పుడు నా పీకకే చుట్టుకుంది.

వంటింట్లోంచి కందిగింజలు ఉడికే వాసన వస్తోంది, పనసకాయ ముక్కలు కూడా పడ్డట్టున్నాయి. పందిమాంసం పొద్దున్నే అమ్మ తెచ్చి పెట్టింది. పరీక్ష అవగానే అమ్మ ల్యాప్‌టాప్ మూసి, ముఖాన రోగి వేషంకోసం రాసుకున్న పౌడరు తుడుచుకుని, నా గది గుమ్మం దగ్గర ఆగింది. ఆ పిల్లకి కళ్ళున్నాయి, అంది. అని వెళ్ళిపోయింది. అప్పుడు నేను ఆ మాట చెవిన వేసుకోలేదు, సరే సరే అన్నాను. ఇప్పుడు ఆ మాట చుట్టూ తిరుగుతున్నాను. కళ్ళున్నాయి అంది. బాగా మాట్లాడింది అనలేదు. ఇరవై ఆరేళ్ళు గొంతు మీద బతికిన మనిషి ఒకళ్ళని కళ్ళకోసం మెచ్చుకోవడం నేనిదే వినడం.

మా అమ్మ పూరింగ్ అంటే ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు, దోన్యా బెనిల్డా అంటే అందరికీ తెలుసు. రేడియో నాటకాల్లో కోడళ్ళని ఏడిపించే దొరసాని, మధ్యాహ్నం అన్నాల వేళకి ఊరంతా ఆవిడని తిట్టుకుంటూ ముద్ద మింగేది. మా ఊరి యాసే ఒక రాగం, తిట్టినా ముద్దు చేస్తున్నట్టుంటుంది, ఆ యాసలో దుర్మార్గం పలికించడం ఎంత కష్టమో నవ్వులాట కాదు. అమ్మ పలికించింది. ఎంతగా అంటే, చేపల మార్కెట్లో ఒకావిడ ముఖం చూసి కాదు, కిలో ఎంత అన్న గొంతు విని, నీకు అమ్మను పోవే అంది. ఆ రోజు మేం ఉత్త గంజితో తిన్నాం, అమ్మ మాత్రం పండగలా నవ్వుతూనే ఉంది. ఆవిడకి చప్పుడు లేకపోతే పడదు. రేడియోలో మూడు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే స్టేషను చచ్చిపోయిందనుకుని జనం వేరే దానికి తిప్పేస్తారట, అందుకని ఎదుటివాడు మాట మరిచిపోతే అమ్మ దగ్గో, నిట్టూర్పో, గాజుల గలగలో, ఏదో ఒకటి వేసి నింపేసేది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క మాట మరిచిపోలేదని గొప్పగా చెప్పుకుంటుంది. మరి ఆ మనిషి తొమ్మిది సెకన్లు వదిలేసింది. రోగి వేషానికి నేనిచ్చిన చీటీలో అక్కడ మాట రాసే ఉంది, "అవునమ్మా, చెప్పు" అని, రెండే ముక్కలు. మరిచిపోయిందంటే నేను నమ్మను. మింగేసింది.

ఈ చీటీ ఇవాళ తనకి రావలసింది కూడా కాదు. పొద్దున నేను మూడో చీటీ ఇచ్చాను, కడుపునొప్పి మనిషి. అమ్మ తిప్పి ఇచ్చేసింది, మూడుసార్లు చేశాను, నొప్పి నటించి నటించి నిజంగా వచ్చేలా ఉంది, ఆరోది ఇవ్వు, అంది. ఆరోది సూది పరీక్ష చేయించుకుని ఫలితం కోసం ఎదురుచూసే ముసలమ్మ. అది వచ్చే వారానికి, అన్నాను. అమ్మ చెయ్యి చాపి ఉంచింది. ఇచ్చాను. ఇవ్వకపోతే ఎందుకివ్వవని అడుగుతుంది, అడిగితే బయటపడిపోతాను. ఎందుకంటే అసలు ఫలితం, ఉత్తుత్తిది కాదు, అమ్మ మెడ మీది గడ్డలోంచి సూదితో తీసిన నీటి ఫలితం, ఈ బల్ల సొరుగులోనే ఉంది. అమ్మకి మెయిలు లేదు కాబట్టి నాకు పంపారు, సోమవారం వచ్చింది, ఇవాళ గురువారం.

మంచి గడ్డ కాదు. చెడ్డవాటిలో మాత్రం సాధువు, కోసి తీసేస్తే ఏళ్ళకేళ్ళు బతుకుతారని నాకూ తెలుసు, పుస్తకంలో ఆ పేజీ నేనే పాఠం చెప్తాను. కానీ గొంతుకి మాట తెచ్చే నరం ఆ గడ్డ ఉన్న థైరాయిడ్ గ్రంథిని ఆనుకునే పోతుంది, కోసేటప్పుడు దానికి తగిలితే గొంతు బొంగురుపోవచ్చు, అది కొన్ని వారాలే ఉండవచ్చు, ఎప్పటికీ ఉండిపోవచ్చు. డాక్టరు ఫోన్‌లో ఈ సంగతి మామూలుగా చెప్పేశాడు, ఆయనకి దోన్యా బెనిల్డా ఎవరో తెలియదు. మా అక్కకి చెప్తే, అమ్మ పుట్టినరోజు అయ్యేదాకా తనకి చెప్పకు, తిండి మానేస్తుంది, అంది. ఇక్కడ ఇళ్ళల్లో అందరూ చేసేదే, పెద్దవాళ్ళకి జబ్బు పేరు తప్ప అన్నీ చెప్తారు. మా పిల్లలకి దాని మీద ఒక క్లాసు మొత్తం తీసుకుంటాను, వార్త రోగి సొత్తు, ఇంటివాళ్ళది కాదు అని బల్ల గుద్ది మరీ చెప్తాను. సోమవారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ అమ్మ, రాలేదా ఇంకా, అంది. ఇంకా రాలేదు, అన్నాను. ఓహో, అంది. అంతే. బల్ల గుద్దిన చేత్తోనే సొరుగు తాళం వేసుకున్నాను, సిగ్గు వేయదా అంటే వేస్తుంది.

మూడూ ముప్పై అయిదు. ఈసారి చప్పుడు ఆపేసి చూద్దామనిపించింది. ఎందుకో తెలియదు, గొంతు మనిషిని గొంతు లేకుండా చూడాలనిపించింది. కోడి లేదు, ఫ్యాను లేదు, ఉత్త ముఖం. అమ్మకి అంత ముఖం ఉందని నేనెప్పుడూ గమనించలేదు, వినడమే అలవాటు. రియోలిన్ అడుగుతుంది, అమ్మ చూపు తెర మధ్యలో ఉంటుంది, రెండో సెకను, మూడో సెకను, అప్పుడు ఆ చూపు కదులుతుంది. కిందికి, ఒక పక్కకి. అక్కడ ఆగుతుంది. కనుబొమలు లేచి దిగుతాయి. మళ్ళీ చూపు మధ్యకొస్తుంది. చీటీ చూసుకుందా? చీటీ ఎడమ చేతిలో ఉంది, చూపు పోయింది అటు కాదు. మరి ఎటు? అద్దంలోలా ఇందులో కుడి ఎడమలు తారుమారవుతాయేమో, అది తేల్చకుండా నాకు నిద్రపట్టదు, నా కెమెరా తెరిచి నన్ను నేనే రికార్డు చేసుకున్నాను. తెరకి కింద కుడి మూల చూసి, మధ్యకి చూసి, ఎడమ మూల చూసి. ఎంత వెర్రిమొహంలా ఉన్నానో. పోల్చి చూశాను. అమ్మ చూసింది కింద కుడి మూల. ఆ ల్యాప్‌టాప్‌ని కుట్టుమిషను మీద పెట్టి, విద్యార్థి మధ్యలో పెద్దగా కనబడేలా పొద్దున సర్దింది నేనే. కింద కుడి మూల ఏముంటుందో నాకు కాక ఎవరికి తెలుస్తుంది. నల్లటి చదరం. పాల్మారెస్ అని పేరు. నేను.

వార్త ఇప్పుడే చెప్పమంటారా అని ఒక పిల్ల అడిగింది, అమ్మ నా వైపు తిరిగి అవునంది. నేనప్పుడు ఏం చేస్తున్నాను? పదమూడో గడి నింపుతున్నాను. నా కళ్ళ ముందే, నా పరీక్షలో, నా పేరు చూసి జవాబు చెప్తే నాకు కనబడలేదు, పదిహేను కిలోమీటర్ల అవతల తాతగారి కోళ్ళ మధ్య కూర్చుని చేతి ఫోన్‌లో చూస్తున్న ఇరవై ఏళ్ళ పిల్లకి కనబడింది. ఎవరికి చెప్పిందో ఆ పిల్లకి తెలియకపోవచ్చు, కానీ అవును అని తెలుసుకుంది. ఒక్కసారిగా చెప్పనా, మెల్లమెల్లగానా అని కూడా అడిగింది. ఒక్కసారిగానే, అంది అమ్మ, ఆ మాట మాత్రం నోటితో. అది చీటీలో లేదు, ఇప్పుడు వెతికి చూశాను, ఎక్కడా లేదు.

పద్నాలుగో గడిలో అవును అని నొక్కాను. కింద రాసుకోవడానికి ఇచ్చిన చోట, రోగి స్పష్టంగా ఒప్పుకుంది, విద్యార్థి చూసింది, పరీక్షకురాలు ఆలస్యంగా చూసింది, అని రాశాను. నోటిమాట ఏదీ అని ఎవరైనా నిలదీస్తే సమావేశంలో నేనే లేచి జవాబు చెప్తాను, ఆ మాట పెట్టించిన నోటితోనే. పంపేశాను. మూడూ నలభై ఎనిమిది. ఇక సొరుగు తాళం తీయకుండా ఉండటానికి నాకు ఏ వంకా మిగల్లేదు. ఆ పిల్లకి అవునని మార్కు వేసి, అదే అవునుని ఇంట్లో లేదనడం ఎలా కుదురుతుంది?

వంటింట్లో అమ్మ నాకు వీపు పెట్టి గిన్నెలో కలుపుతోంది, కందిగింజలకి పులుసు ఊదారంగు తిరిగింది. కాగితం నా చేతిలో ఉంది. ఇంత కాలం చెప్పిన పాఠాల్లోంచి ఒక్క ముక్కా గుర్తుకి రాలేదు.

"నాయ్, రిపోర్టు వచ్చింది."

గరిటె ఆగలేదు. "సోమవారం వచ్చింది," అంది అమ్మ.

ఎలా తెలుసని అడిగాను. ఆ రోజు నువ్వు 'ఇంకా' అన్నాక ఒకసారి ఊపిరి పీల్చి అప్పుడు 'రాలేదు' అన్నావు ఇందై, నా చిట్టితల్లీ, రేడియోలో అయితే ఆ ముక్క కోసి పారేసేవాళ్ళం, అంది. గొంతులో కోపం వినబడలేదు, కానీ మా ఊరి యాసలో కోపం కూడా ముద్దు చేస్తున్నట్టే ఉంటుంది కాబట్టి ఉందో లేదో నాకు తెలియలేదు. పొయ్యి మీద ఆమె చెయ్యి, నా చేతిలో కాగితం. అప్పుడు నాకు పద్నాలుగో గడి గుర్తొచ్చింది.

"ఇప్పుడే చెప్పమంటావా నాయ్, కాసేపు ఆగనా?"

అమ్మ పొయ్యి ఆర్పింది. చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఈసారైనా కెమెరా తెరుచుకున్నావా?" అని, కనుబొమలు లేపి దించింది.

ఒక్కసారిగానే చెప్పాను. గడ్డ చెడ్డదని, చెడ్డవాటిలో మెత్తనిదని, కోసి తీసేయాలని, ప్రాణానికి భయపడాల్సినంత లేదని, గొంతు సంగతి మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరని, నేనూ ఇవ్వలేనని. అమ్మ చెయ్యి మెడ మీదికి పోయింది, గడ్డ ఉన్న చోటికి కాదు, దాని పక్కకి, గొంతు మీదికి. నేను ఆగాను. ఎన్ని సెకన్లో లెక్కపెట్టలేదు. దోన్యా బెనిల్డా బొంగురు గొంతుతో అయితే ఇంకా బాగా హడలగొట్టేది అంది చివరికి, అని నవ్వింది కూడా. ఆ నవ్వు రేడియోలో వినేవాళ్ళు నమ్మి ఉండేవాళ్ళు. నేను చూస్తున్నాను కదా.

"భయంగా ఉందా నాయ్?" అన్నాను.

అమ్మ కనుబొమలు లేచి దిగాయి. నేనూ లేపాను.